ఒక గంటలో ఏడేళ్ళు

షవ్వాల్ నెలలో మద్రసా తిరిగి తెరచిన మొదటి వారం. అసర్ నమాజు ముగిసింది. విద్యార్థులు ఆటలకు బయలుదేరుతున్నారు. పద్నాలుగేళ్ళ విద్యార్థి ఒకడు మాత్రం మా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"హజ్రత్, ఒక మస్అలా అడగాలి."

అడగమన్నాము.

"ఒక మనిషి వేరే గ్రహం మీద దిగాడు. అక్కడ ఒక గంట గడిస్తే భూమి మీద ఏడేళ్ళు గడుస్తాయి. అతను అక్కడ మూడు గంటల పైచిలుకు ఉండిపోయాడు. ఇక్కడ ఇరవై మూడేళ్ళ నాలుగు నెలలు అయిపోయాయి. అతను ఎన్ని నమాజులు ఖజా చేయాలి? నేను లెక్కవేశాను హజ్రత్, నలభై రెండు వేలకు పైగా వస్తున్నాయి."

ఇది ఏ కితాబులో చదివావని అడిగాము. పిల్లవాడు తల వంచుకున్నాడు. కితాబు కాదట, సినిమాయట. సెలవుల్లో పెదనాన్న కొడుకు ఫోనులో చూశాడట. పేరు 'ఇంటర్‌స్టెల్లార్'. మా పక్కన కూర్చున్న సహాధ్యాపకులు కనుబొమలు ముడిచి, వీడికి ముందు శిక్ష వేయవలసి ఉంటుందన్నారు. శిక్ష సంగతి తర్వాత చూద్దాము, అడిగిన మస్అలాకు జవాబు బాకీ ఉన్నాము కదా అన్నాము మేము. నిజానికి ఆ క్షణాన మా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్ళుగా ఫిఖహ్ బోధిస్తున్నాము, ఇటువంటి ప్రశ్న మాకెన్నడూ ఎదురు కాలేదు.

సినిమాల విషయంలో మన ఉలమాల అభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే. వాటికి పూర్తిగా దూరంగా ఉండేవారి పట్ల మాకు గౌరవమే ఉంది. ఆ చర్చను ఇక్కడ తేల్చబోవడం లేదు. అయితే ఫోను లేని ఇల్లు లేదిప్పుడు. మన గుమ్మం దాటి లోపలికి వచ్చిన వస్తువును 'మేము చూడము' అని కళ్ళు మూసుకున్నంత మాత్రాన అది బయటికి పోదు. పిల్లవాడు ఏమి చూశాడో తెలుసుకోకుండా అతనికి ఏమని చెప్పగలం? కనుక మా మేనల్లుని ల్యాప్‌టాప్ మీద రెండు రాత్రులు కూర్చుని ఆ సినిమా చూశాము. ఆ తరువాత అటువంటివే మరికొన్ని కూడా చూశాము. ఇది ఆ చూసిన దాని నుండి పుట్టిన వ్యాసం.

క్రిస్టఫర్ నోలన్ అనే దర్శకుడు 2014లో తీసిన సినిమా అది. భూమి మీద పంటలు తెగులు పట్టి ఒక్కొక్కటిగా నశిస్తుంటాయి. దుమ్ము తుఫానులు ఊళ్ళను కప్పేస్తుంటాయి. కూపర్ అనే రైతు, పూర్వం విమాన చోదకుడు, మానవజాతికి మరో నివాసం వెదకడానికి బయలుదేరే బృందంలో చేరతాడు. భార్య అప్పటికే చనిపోయి ఉంటుంది. కొడుకునూ పదేళ్ళ కూతురినీ మామగారి వద్ద విడిచిపెట్టి వెళతాడు. తిరిగి వస్తానని కూతురికి మాట ఇస్తాడు. ఎప్పుడన్నది మాత్రం చెప్పలేడు. శనిగ్రహం దగ్గర ఒక అంతరిక్ష సొరంగం, దాని అవతల మరో నక్షత్రమండలం, అక్కడ ఒక మహా కృష్ణబిలం, దాని సమీపంలో నీటితో నిండిన ఒక గ్రహం. మా విద్యార్థి అడిగిన గ్రహం అదే.

ఈ గంటకు ఏడేళ్ళ సంగతి కట్టుకథ అని మేము మొదట అనుకున్నాము. కాదట. గురుత్వాకర్షణ బలంగా ఉన్నచోట కాలం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ నూరేళ్ళకు మునుపే చెప్పాడు. కిప్ థార్న్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ సినిమాకు సలహాదారు. ఆయనకే 2017లో గురుత్వ తరంగాల పరిశోధనకు నోబెల్ బహుమానం వచ్చింది. గంటకు ఏడేళ్ళు అన్నంత తేడా రావాలంటే కృష్ణబిలం అసాధారణ వేగంతో తిరుగుతూ ఉండాలి, గ్రహం దానికి అతి చేరువలో ఉండాలి. అది అరుదు గాని అసాధ్యం కాదని ఆయన లెక్కలు. అంత దూరం పోనక్కరలేదు. మనం ప్రయాణంలో ఖిబ్లా చూసుకోవడానికి ఫోను తీస్తామే, అందులోని జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నాయి. వాటి గడియారాలు మన గడియారాల కన్నా రోజుకు 38 మైక్రో సెకన్లు ముందుకు పోతాయి. ఆ తేడాను సరిదిద్దకపోతే ఫోను చూపే స్థానం రోజుకు కొన్ని కిలోమీటర్ల మేర తప్పుతుంది. కాలం అందరికీ ఒక్క తీరున నడవదన్న సత్యం, మనకు తెలియకుండానే, మన జేబులో ఉంది.

దైవం దృష్టిలో ఒక దినం మన లెక్కలో వెయ్యేళ్ళని దివ్య ఖుర్ఆన్ హజ్ సూరాలో చెబుతుంది. గుహవాసుల వృత్తాంతం కహఫ్ సూరాలో ఉంది. 309 సంవత్సరాలు నిద్రించి లేచిన ఆ యువకులు, తాము ఒక రోజో, రోజులో కొంత భాగమో పడుకున్నామని అనుకున్నారు. ఈ ఆయతులను చూపి ఐన్‌స్టీన్ సిద్ధాంతం మా గ్రంథంలో ముందే ఉందని కొందరు ఉపన్యాసకులు సభల్లో చెప్పడం మేము విన్నాము. మేరాజ్ ప్రయాణాన్ని కూడా ఈ లెక్కలతో నిరూపించబోయేవారున్నారు. ఇది మాకు సమ్మతం కాదు. సిద్ధాంతాలు మారుతుంటాయి, సరిదిద్దబడుతుంటాయి. దైవవాక్కును వాటి మెడకు కట్టడం దానికి గౌరవం చేయడం కాదు. గుహవాసుల గాథను దైవం మనకు వినిపించింది భౌతిక శాస్త్రం నేర్పడానికి కాదు, మరణానంతరం తిరిగి లేపడం తనకెంత సులభమో చూపడానికి.

ఇక మస్అలాకు వద్దాము.

వారం రోజులు పుస్తకాలు తిరగేశాక మాకు తేలినది, మన పూర్వీకులు అంతరిక్షాన్ని చూడకపోయినా ఈ ప్రశ్నకు చాలా దగ్గరగా వచ్చారని. సహీహ్ ముస్లింలో దజ్జాల్ గురించిన సుదీర్ఘ హదీసు ఒకటి ఉంది. దజ్జాల్ కాలంలో ఒక రోజు ఏడాది అంత ఉంటుందని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపారు. అది విన్న సహచరులు దజ్జాల్‌కు భయపడి ఊరుకోలేదు. అంత పొడుగు రోజులో ఒక్క రోజు నమాజులు చేస్తే సరిపోతుందా అని వెంటనే అడిగారు! సరిపోదనీ, కాలాన్ని అంచనా కట్టి చేసుకోవాలనీ ఆయన బోధించారు. మా విద్యార్థికీ ఆ సహచరులకూ బుద్ధి ఒకే దారిన నడిచిందని మేము తరగతిలో అన్నప్పుడు అతని ముఖం వెలిగింది.

తరువాతి శతాబ్దాలలో ఈ హదీసు ఊరికే ఉండిపోలేదు. వోల్గా నది ఒడ్డున బుల్గార్ అనే రాజ్యం ఉండేది. అక్కడి ప్రజలు ఇస్లాం స్వీకరించారు. బాగ్దాద్ ఖలీఫా దూతగా ఇబ్నె ఫజ్లాన్ 922లో అక్కడికి వెళ్ళి, వేసవి రాత్రి ఎంత పొట్టిదో చూసి నివ్వెరపోయాడు. సంధ్యా కాంతి పూర్తిగా అణగకముందే తెల్లవారుతుంది. మరి ఇషా వేళ రానేరాదు కదా, ఇషా విధి అవుతుందా? హనఫీ ఫిఖహ్ గ్రంథాలలో ఇదొక ప్రసిద్ధ వివాదం. వేళయే లేనిచోట విధి లేదన్నారు బఖ్ఖాలీ వంటివారు. ఇబ్నుల్ హుమామ్ దీనిని ఖండించి, పై హదీసునే ఆధారం చేసుకొని, వేళ కనబడకపోయినా విధి తొలగదనీ, అంచనా కట్టాలనీ వాదించారు. ఈనాడు నార్వే, ఫిన్లాండ్‌లలో ఉండే ముస్లిములు వేసవి ఉపవాసాల విషయంలో ఎదుర్కొనే చిక్కు ఇదే.

2007లో ఇది అంతరిక్షానికి ఎక్కింది. మలేషియాకు చెందిన షేక్ ముజఫర్ షుకూర్ అనే ఎముకల వైద్యుడు ఆ ఏడాది అక్టోబర్ 10న బైకనూర్ నుండి సోయుజ్ నౌకలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరారు. అది రంజాన్ మాసం. ఈద్ ఆయనకు అక్కడే వచ్చింది. ఆ కేంద్రం సుమారు గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టివస్తుంది. అంటే మన ఒక్క రోజులో పదహారు సూర్యోదయాలు. ఒక్కో ఉదయానికి ఐదు నమాజుల చొప్పున వేస్తే రోజుకు ఎనభై! మలేషియా ఉలమాలు, శాస్త్రవేత్తలు ముందే కూర్చుని నియమావళి తయారుచేశారు. రోజును 24 గంటలుగానే లెక్కించాలి, నౌక బయలుదేరిన స్థలపు వేళలను పాటించాలి. ఖిబ్లా విషయంలో శక్తి కొలది అన్నారు. సాధ్యమైతే కాబా దిశ, కాకపోతే కాబాకు పైన ఆకాశంలో దానికి సూటిగా ఉన్న దిశ, అదీ కాకపోతే భూమి వైపు, అదీ కాకపోతే ఎటైనా సరే. నిలబడలేకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే సైగలతో. చదువుతుంటే మాకు మన ఆసుపత్రి మంచాల మీద నమాజు చేసుకొనే వృద్ధులు గుర్తుకు వచ్చారు. కొత్త నియమం ఒక్కటీ లేదు అందులో, రోగికీ ప్రయాణికునికీ ఉన్న సౌలభ్యాలే. ఆయన కంటే ముందు 1985 జూన్‌లో సౌదీ యువరాజు సుల్తాన్ బిన్ సల్మాన్ డిస్కవరీ నౌకలో వెళ్ళారు. ఆయన తర్వాత 2023లో ఎమిరేట్స్ వ్యోమగామి సుల్తాన్ అల్ నియాదీ ఆరు నెలలు అక్కడ గడిపారు.

దీనిని బట్టి మా విద్యార్థికి ఇచ్చిన జవాబు ఇది. ఇది ఫత్వా కాదు, తరగతి గదిలో చేసిన చర్చ మాత్రమే. ముఫ్తీలు మమ్మల్ని సరిదిద్దవచ్చు. నమాజు ఆ మనిషి మీద గడిచిన కాలాన్ని బట్టి విధి అవుతుంది. కూపర్ ఒంటి మీద గడిచింది మూడు గంటల పైచిలుకే. అతనికి ఆకలి కూడా మూడు గంటలదే వేసి ఉంటుంది. కనుక మహా అయితే ఒక నమాజు, అదీ ప్రయాణికుడు గనుక కుదించినది. నలభై రెండు వేలు కాదు. కాని అదే సినిమాలో పైన నౌకలో ఒంటరిగా కాచుకొని కూర్చున్న తోటి వ్యోమగామికి మాత్రం ఇరవై మూడేళ్ళూ నిజంగానే గడిచాయి. అతను ముస్లిం అయి ఉంటే ఆ ఇరవై మూడేళ్ళ నమాజులూ అతని బాధ్యతే. ఖిబ్లా? మరో నక్షత్రమండలంలో భూమి ఎటు ఉన్నదీ తెలియదు. చీకటి రాత్రి దిక్కు తెలియని బాటసారికి మన ఫిఖహ్ చెప్పినదే, ఆలోచించి మనసుకు తోచిన వైపు నిలబడాలి. తర్వాత అది తప్పని తేలినా నమాజు చెల్లుతుంది.

"మరి జకాత్ హజ్రత్?" అన్నాడు మరొకడు వెనుక నుండి. తరగతి మొత్తానికి ఉత్సాహం వచ్చేసింది. సొమ్ము భూమి మీద ఉంది, ఏళ్ళు దాని మీద గడిచాయి కదా అని ఒకడు, యజమాని మీద గడవలేదు కదా అని మరొకడు. ఆ చర్చ మగ్రిబ్ అజాన్ దాకా సాగింది, తేలలేదు. ముప్పై ఏళ్ళలో జకాత్ పాఠం మీద అంత వేడి మేము చూడలేదు.

అయితే ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్న నమాజుల లెక్కతో ఆగిపోయేది కాదని మాకు సినిమా చూస్తున్నప్పుడు అర్థమైంది. నీటి గ్రహం నుండి తిరిగి నౌకకు చేరిన కూపర్ భూమి నుండి వచ్చి పడి ఉన్న సందేశాలను ఒకటొకటిగా చూస్తాడు. నిన్నటి పిల్లవాడు చదువు ముగిస్తాడు, పెళ్ళి చేసుకుంటాడు, తండ్రి అవుతాడు. తాతగారు చనిపోతారు. కొడుకు ముఖంలో మొదట ఉన్న ఉత్సాహం తగ్గుతూ వస్తుంది. చివరికి, మీరు వింటున్నారని ఇక నేననుకోవడం లేదు అన్న ధోరణిలో సెలవు తీసుకుంటాడు. కూతురు అన్నేళ్ళూ మాట్లాడదు. చివరికి ఒకే ఒక్కసారి తెర మీదికి వస్తుంది. తండ్రి తనను విడిచి వెళ్ళినప్పుడు అతనికి ఉన్న వయసు ఆ రోజుకు తనకు వచ్చిందని చెప్పడానికి. కూపర్ ఏడుస్తాడు. అవతలివారికి అది కనబడదు, వినబడదు.

ఆ దృశ్యం దగ్గర మేము ల్యాప్‌టాప్ ఆపాము. మా విద్యార్థికి ఆరేళ్ళప్పుడు తండ్రి సౌదీ వెళ్ళాడు. రెండు మూడేళ్ళకొకసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు.

కృష్ణబిలం అక్కరలేదు. కడప, రాయచోటి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్ళిన తండ్రుల ఇళ్ళలో కాలం రెండు తీరుల నడవడం మనం నలభై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాము. ఫోన్లు లేని రోజుల్లో క్యాసెట్లు వచ్చేవి. జాబు రాయడం రానివారూ, రాసి తృప్తి తీరనివారూ టేపు రికార్డరు ముందు కూర్చుని గంటసేపు మాట్లాడి, సెలవుపై వచ్చే ఊరివాని చేతికి ఇచ్చి పంపేవారు. ఇక్కడ ఇల్లాలు పిల్లలను కూర్చోబెట్టి వినిపించేది. మా బాల్య మిత్రుని ఇంట్లో తండ్రి గొంతు వచ్చినప్పుడల్లా చిన్నది టేపు రికార్డరుకే సలాం చెప్పేది. ఆయన సెలవు మీద వస్తే మాత్రం ఆ మనిషిని చూసి వంటగదిలోకి పారిపోయేది. పంపిన మాట నెలరోజుల పాతది, విన్నవారి జవాబు మరో నెలకు గాని చేరదు. ఈలోగా ఒకరు చనిపోయి ఉంటారు, ఒకరు పుట్టి ఉంటారు. ఇప్పుడు వీడియో కాల్ ఉంది. అయినా ముఖం కనబడినంత మాత్రాన దూరం పోదని ఆ ఇళ్ళవారిని అడిగితే చెబుతారు.

కూపర్ భార్య ముందే చనిపోయినట్టు కథ అల్లి నోలన్ పెద్ద చిక్కు తప్పించుకున్నాడని కూడా మాకు అనిపించింది. ఆమె బతికి ఉంటే? ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియని భర్తను ఫిఖహ్‌లో మఫ్ఖూద్ అంటారు. హనఫీ మతం ప్రకారం అతని ఈడువారందరూ గతించే వరకు అతను జీవించి ఉన్నట్టే లెక్క. అంతవరకు ఆమె మరో వివాహానికి నోచుకోదు. మన దేశంలో ఈ నియమం వల్ల ఎందరో స్త్రీలు నలిగిపోయారు. ఈ ఇరుకు నుండి బయటపడడానికి కొందరు మతాన్నే విడిచిపెట్టే దాకా వచ్చింది. 1930ల తొలినాళ్ళలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ 'అల్ హీలతున్ నాజిజా' అనే గ్రంథం రాసి, ఇటువంటి కష్టంలో మాలికీ మతాన్ని అనుసరించవచ్చని ఇతర ఉలమాల సమ్మతితో నిర్ణయించారు. ఆమె ఖాజీని ఆశ్రయించాలి, నాలుగేళ్ళు నిరీక్షించాలి, ఆ పైన భర్త మరణించినట్టు భావించి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ పాటించాలి. 1939లో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టంలో మొదటి కారణం ఇదే, భర్త ఆచూకీ నాలుగేళ్ళుగా తెలియకపోవడం. భర్త పరదేశం వెళ్ళి మాయమైన స్త్రీలు ఈ హక్కు తమకున్నదని తెలియక ఏళ్ళ తరబడి అత్తవారింట వెట్టి చేస్తున్న ఉదంతాలు ఈనాటికీ మా దగ్గరికి వస్తుంటాయి. అటువంటి చెల్లెలు ఎవరైనా మీ వీధిలో ఉంటే ఈ రెండు వాక్యాలు ఆమెకు చదివి వినిపించండి. ఆమె దారుల్ ఖజాను గాని న్యాయస్థానాన్ని గాని ఆశ్రయించవచ్చు.

సినిమాకు తిరిగి వద్దాము. మాకు నచ్చని వాటిలో మొదటిది, ఆకాశమంతా తిరిగినవారికి సృష్టికర్త ఎక్కడా కనబడకపోవడం. ఇంటర్‌స్టెల్లార్‌లో మానవులకు ఆ సొరంగాన్ని పరచి ఇచ్చిన అదృశ్య శక్తి ఎవరా అని కథ పొడుగునా ఎదురుచూస్తాము. చివరికి అది భవిష్యత్తులోని మానవులే అని తేలుతుంది. అంటే మనిషి తనకు తానే రక్షకుడు, తనకు తానే దైవం! స్టాన్లీ కుబ్రిక్ 1968లో తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో ఈ స్థానాన్ని ఒక నల్లని రాతి పలక ఆక్రమిస్తుంది. ఆ సినిమా సగంలో మాకు నిద్ర వచ్చిందని ఒప్పుకోవాలి. కాని మనిషి చేసిన యంత్రం మనిషి మీదే తిరగబడి, మర్యాదగా మాట్లాడుతూనే ప్రాణాలు తీసే భాగం చూసి నిద్ర వదిలిపోయింది. 'డ్యూన్' అనే చిత్రంలో మహ్‌దీ వంటి మన పవిత్ర పదాలను ఎడారి కథకు అలంకారంగా వాడుకున్నారు. పిల్లలు అవి విని మన విశ్వాసం ఇదే అనుకోకూడదు. ఇంతకు మించి దానిని గురించి చెప్పబోము.

ఈ శూన్యాన్ని దాచకుండా చూపినవారూ లేకపోలేదు. 2013లో వచ్చిన 'గ్రావిటీ' దూర అంతరిక్షపు కథ కాదు, భూమి చుట్టూనే జరుగుతుంది. అందరూ చనిపోయి ఒక్క స్త్రీ మిగులుతుంది. సోయుజ్ నౌకలో ఇంధనం లేదు. రేడియోలో భూమి మీది ఎవరో అపరిచితుడు తనకు తెలియని భాషలో మాట్లాడుతుంటాడు. వెనుక కుక్క అరుపు, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తాయి. తాను చనిపోబోతున్నానని అతనికి చెబుతూ ఆమె, తన కోసం ఎవరూ ప్రార్థించరనీ, తానైనా ప్రార్థించుకుందామంటే తనకెవరూ నేర్పలేదనీ వాపోతుంది. ఆమె వైద్యురాలు. కోట్ల రూపాయల యంత్రాలను మరమ్మతు చేయగల విద్యావంతురాలు. అల్లాహ్ దయవల్ల మా మద్రసాలో ఆరేళ్ళ పసివాడికి దుఆకు చేతులెత్తడం తెలుసు. ఇది మేము గర్వంతో చెప్పడం లేదు. ఆ దృశ్యంలో మా విద్యార్థి ఏమి గమనించాడని అడిగితే, "ఆమెకు నేర్పడానికి వెళ్ళినవారు కూడా లేరు కదా హజ్రత్" అన్నాడు. అది మాకు తగిలింది.

1997 నాటి 'కాంటాక్ట్' మరోలా ఆలోచింపజేసింది. ఆధారం లేనిదే దేనినీ నమ్మని శాస్త్రవేత్త ఒకామె ఒక యంత్రంలో కూర్చుని విశ్వపు ఆవలి అంచులకు వెళ్ళివస్తుంది. ఆమెకు 18 గంటలు గడుస్తాయి. బయట నిలబడి చూసినవారికి ఆమె ఎక్కడికీ వెళ్ళనే లేదు, యంత్రం క్షణంలో కిందపడింది. ఆధారమేదని వారు నిలదీస్తారు. ఆమె దగ్గర తన సాక్ష్యం తప్ప ఏమీ లేదు. మేరాజ్ మర్నాడు మక్కావాసులు వెక్కిరిస్తూ హజ్రత్ అబూబక్ర్ (రజి) వద్దకు పరుగెత్తిన సంగతి, ఆయన చెబితే అది నిజమే అని ఆయన తడుముకోకుండా అన్న సంగతి ముస్లిం పిల్లలందరికీ తెలుసు. రెండింటినీ ఒక గాటన కట్టడం మా ఉద్దేశం కాదు, ఆ ప్రసక్తే లేదు. సాక్ష్యం ఎంత బలమైనదన్నది సాక్షి జీవితాన్ని బట్టి ఉంటుందని పిల్లలకు వివరించడానికి ఆ సినిమా మాకు పనికివచ్చింది.

ఇంటర్‌స్టెల్లార్‌లోనూ ఈ సాక్షి ప్రశ్న ఉంది, చాలామంది దాటిపోతారు గాని. భూమి మీది ప్రజలను తరలించే లెక్క తేలదని వృద్ధ ఆచార్యునికి ఏనాడో తెలుసు. తెలిసీ నలభై ఏళ్ళు తేలుతుందని చెబుతూ వచ్చాడు. లేకపోతే ఎవరూ పని చేయరని. మరణశయ్య మీద గాని ఒప్పుకోడు. అందరిలో ఉత్తముడని పేరుపొందిన మరో శాస్త్రవేత్త తన ప్రాణం కోసం బంజరు మంచు గ్రహాన్ని నివాసయోగ్యమని తప్పుడు లెక్కలు పంపి, రక్షించడానికి వచ్చినవారినే చంపబోతాడు. విద్య అమానత్ అనీ, అందులో ద్రోహం చేసినవాడు ఒక్కణ్ణి కాదు ఒక తరాన్ని ముంచుతాడనీ బోధించడానికి మేము ఇంతకన్నా మంచి ఉదాహరణ వెదకలేదు.

దూరాల సంగతి కూడా పిల్లలకు చెప్పవలసి వచ్చింది. సినిమా చూసి నక్షత్రాలు పక్క ఊళ్ళన్నట్టు మాట్లాడుతున్నారు గనుక. 1977లో బయలుదేరిన వాయేజర్-1 మానవుడు పంపిన వస్తువులన్నిటిలోకి దూరం వెళ్ళినది. ఇప్పుడది 2,400 కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది. కాంతి వేగంతో వచ్చే దాని సంకేతం మనల్ని చేరడానికి 22 గంటలకు పైగా పడుతుంది. అయినా అదే వేగంతో మన సూర్యుని తరువాతి అతి దగ్గరి నక్షత్రమంత దూరం పోవాలంటే 70 వేల ఏళ్ళకు పైగా కావాలి. సినిమాకు సొరంగం ఎందుకు కావలసి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా అన్నాము.

మగ్రిబ్ అయ్యాక ఒకనాడు వారందరినీ డాబా మీదికి తీసుకువెళ్ళాము. పడమట కృత్తికలు ఇంకా దిగిపోలేదు. అరబీలో వాటి పేరు సురయ్యా. మన ఆడపిల్లలకు పెట్టుకునే పేరే. వాటి వెంబడి వచ్చే ఎర్రని చుక్క రోహిణి, అరబీలో అల్ దబరాన్, 'వెనుక వచ్చేది' అని అర్థం. ఇంగ్లీషువారు ఈనాటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆర్ద్ర, శ్రవణం, అభిజిత్తులకు కూడా వారు వాడే పేర్లు అరబీ నుండి వెళ్ళినవే. అబ్దుర్రహ్మాన్ సూఫీ 964లో రాసిన నక్షత్ర గ్రంథంలో ఒక చిన్న మబ్బుతునకను గుర్తించారు. అది మరో నక్షత్రమండలమని తెలియడానికి ఇంకో వెయ్యేళ్ళు పట్టింది. ఆయన చూసిన ఆ వెలుగు బయలుదేరి 25 లక్షల ఏళ్ళయింది. మన హైదరాబాద్‌లోనే నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి ఫిసల్ బండాలో వేధశాల స్థాపించారు. అదే తర్వాత నిజామియా వేధశాల అయింది. వివిధ దేశాలు ఆకాశాన్ని పంచుకొని పటం గీసిన మహాకార్యంలో తన వంతుగా లక్షల నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. ఈ సంగతి మా విద్యార్థులలో ఒక్కరికీ తెలియదు. ఇన్నాళ్ళూ మేమే చెప్పలేదు మరి.

మిగిలినవారు కిందికి దిగారు. మస్అలా అడిగిన పిల్లవాడు మాత్రం పిట్టగోడ పక్కన నిలబడి ఉన్నాడు. శిక్ష గుర్తుకు వచ్చిందేమో అనుకున్నాము. అది కాదు.

"హజ్రత్, నాన్నకు ఫోను చేసుకోనా? ఆఫీసు ఫోను నుండి."

ఇప్పుడే చేసుకో అన్నాము.

"ఇప్పుడు కాదు హజ్రత్. ఇక్కడ ఏడు. అక్కడ నాలుగున్నర. నాన్నకు ఆరింటికి గాని పని వదలరు. ఎనిమిదిన్నరకు చేస్తాను."

సరేనన్నాము. ఇషా ముగిశాక చూస్తే ఆఫీసు గది గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, గోడ గడియారం వైపు చూస్తూ. ఎనిమిదీ పది అయింది.